40 లీటర్ల డీజిల్: నెల్లూరు తీరంలో ఒక విషాద నేరకథ, రాత నుంచి మిక్సింగ్ దాకా

ఈ కేస్ స్టడీ గంటా 50 నిమిషాల నిడివి ఉన్న ఒక నేరకథా చిత్రం గురించి. కథ జరిగేది కావలికి తూర్పున, బకింగ్‌హామ్ కాలవ ఒడ్డున ఉన్న రొయ్యల గుంటల మధ్య. అతను ప్రకాశం మెట్ట నుంచి వలస వచ్చి గుంట కాపలా కాస్తుంటాడు. ఆమె ప్రాసెసింగ్ ప్లాంటులో రాత్రి షిఫ్టులో రొయ్యల తలలు తీస్తుంది. భర్త చెన్నైలో ఉంటాడు, ఒక బిడ్డ. ఇద్దరూ దగ్గరవుతారు. ఒక తెల్లవారుజామున అతను దెబ్బలు తిని చనిపోతాడు, శవం కాలవలో తేలుతుంది.

స్క్రిప్టు మొదటి ప్రతిలో ఉన్నదంతా మనం చాలాసార్లు చూసిందే. ఎడతెరిపి లేని వాన, నీలం రంగు రాత్రులు, తాగుతూ కిటికీలోంచి బయటికి చూసే ఎస్సై, చివర్లో బిట్రగుంట పట్టాల మీద ఆమె. చదివినవాళ్ళకు దుఃఖం కలగలేదు. ఆ ప్రేమ ఎందుకు నిలవదన్న ప్రశ్నకు అందులో జవాబే లేదు. కులం అని ఒక్క మాట అనేసి, ఒక పెద్దమనిషి కోపంతో సరిపెట్టారు. కులం అబద్ధం కాదు. కానీ ఆ ఇద్దరి రోజు ఎలా గడుస్తుందో చూపకపోతే ఆ గోడ వాళ్ళకు ఎక్కడ తగులుతుందో కూడా తెలియదు. అందుకే తిరగరాత సీన్లతో మొదలు కాలేదు, ఇద్దరి పనిగంటలతో మొదలైంది.

పొద్దు, షిఫ్టు, ఆక్సిజన్

వనామీ రకం రొయ్యల గుంటలో మేత సాధారణంగా రోజుకు నాలుగుసార్లు వేస్తారు. పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6. మేత వేసిన రెండు గంటలకు చెక్ ట్రే ఎత్తి ఎంత తిన్నాయో చూడాలి. రాత్రంతా ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) తిరుగుతుండాలి. పగటిపూట నీటిలోని సూక్ష్మ నాచు ఎండ వల్ల ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదే నాచు, రొయ్య, అడుగున చేరిన మడ్డి అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే తెల్లారే ముందు ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలి. 2 దగ్గరికి జారితే రొయ్య గట్టు అంచులకు చేరి పైకి తేలడం మొదలుపెడుతుంది.

అంటే కాపలావాడు గట్టు వదలకూడని సమయం 3 నుంచి 6 దాకా. కథలో ప్లాంటు వ్యాను ఆమెను కాలవ వంతెన దగ్గర దించేది 5 గంటలకు. బిడ్డ లేచే లోపల, 6.30కల్లా ఆమె ఇంట్లో ఉండాలి. ఈ రెండు పట్టికలను పక్కపక్కన పెడితే వాళ్ళకు మిగిలేది తూర్పు తెల్లబడ్డాక, 6 గంటల మేతకు ముందు ఒక 20 నిమిషాలు. ఆమెకు ఖాళీ దొరికే గంటలోనే గుంటకు అతని అవసరం ఎక్కువ. ఇంత గట్టి అడ్డు ఏ విలన్ వల్లా రాదు. సినిమాలోని ప్రేమ సన్నివేశాలన్నీ ఈ 20 నిమిషాల్లోకే తెచ్చారు. డ్యూయెట్ పోయింది. నలుగురిలో ఆమె అతన్ని "అన్నా" అని పిలుస్తుంది, ఒంటరిగా ఉన్నప్పుడు ఏమీ పిలవదు. మొదటి ప్రతిలోని రెండు పేజీల ప్రేమ డైలాగులు కొట్టేయడానికి ఇదే చాలింది.

అతని గతానికి కూడా పనే ఆధారం. మెట్టలో ఉన్నప్పుడు పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గర మంట చూసేవాడు. ఆకు కాలడానికి దాదాపు వారం పడుతుంది. వేడిని సుమారు 35 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, దశలవారీగా 70 దాటేదాకా తీసుకెళ్ళాలి. రాత్రిళ్ళు మేలుకోవడం తప్పదు. నిద్ర కాయడమే వృత్తిగా ఉన్న మనిషిని గట్టు మీద పెడితే, ఫ్లాష్‌బ్యాక్ లేకుండానే అతనెవరో తెలుస్తుంది.

నేరం లెక్క

ఎకరం గుంట. చదరపు మీటరుకు 50 పిల్ల చొప్పున వేస్తే సుమారు 2 లక్షలు. అందులో 75 శాతం బతికి, 50 కౌంటు (కిలోకు 50 రొయ్యలు) తూగితే 3 టన్నులు. కిలో 300 రూపాయలనుకున్నా 9 లక్షలు. యజమాని అప్పు అంతా ఆ నీళ్ళలో ఉంది. గుంటలో రెండేసి హెచ్‌పీ ఏరియేటర్లు నాలుగు, అంటే దాదాపు 6 కిలోవాట్ల లోడు. కరెంటు పోతే 15 కేవీఏ జనరేటర్, గంటకు రెండున్నర మూడు లీటర్ల డీజిల్.

కాపలావాడి జీతం పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే రోజు) దాకా రాదు. ఆమెతో ఊరు దాటాలంటే ముందు చేతిలో కొంత డబ్బు కావాలి. జనరేటర్ కోసం దాచిన రెండు క్యాన్లు, 40 లీటర్లు, లీటరు 70కి అమ్మేస్తాడు. చేతికి వచ్చింది 2,800 రూపాయలు. పట్టుబడి దగ్గర పడింది, ఈ లోపల కరెంటు పోదులే అనుకుంటాడు. తెల్లవారుజామున 3.40కి పోతుంది.

ఇక్కడ రాతబల్ల మీద పెద్ద వాదన నడిచింది. కరెంటు పోయినప్పుడు అతను గట్టు మీద ఉండాలా, వంతెన దగ్గర ఆమెతో ఉండాలా? రెండోది చూడ్డానికి ఉద్రిక్తంగా ఉంటుంది. కానీ అలా రాస్తే ప్రేమించినందుకు శిక్ష పడినట్టవుతుంది, ఆ రొయ్య చచ్చింది ఆమె వల్లేనని ప్రేక్షకుడు తీర్పు చెప్పేస్తాడు. అందుకే అతన్ని గట్టు మీదే, మేలుకునే ఉంచారు. జనరేటర్ హ్యాండిల్ తిప్పుతూనే ఉంటాడు. ట్యాంకు ఎండిపోయిందని అతనికి ముందే తెలుసు. తెలిసి కూడా తిప్పుతాడు. సినిమా మొత్తంలో అతన్ని అర్థం చేసుకోవడానికి ఈ షాట్ ఒక్కటి చాలు.

రొయ్యల యజమాని మేనల్లుడు వచ్చి పీవీసీ పైపుతో కొడతాడు. చంపాలని కొట్టలేదు. అతను లేవకపోయేసరికి భయపడి కాలవలో వేస్తారు.

స్టేషన్ కాగితాలు

విషాద నేరకథలు మనవైపు ఎక్కువగా కూలిపోయేది పోలీస్ స్టేషన్‌లోనే. మొదటి ప్రతిలో ఎస్సై ఆమెను "నువ్వెవరివి ఫిర్యాదివ్వడానికి" అని గద్దిస్తాడు. చట్టం ప్రకారం ఎవరైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ రక్తసంబంధం అడగదు. తిరగరాతలో స్టేషన్ రైటర్ మర్యాదగా కుర్చీ చూపిస్తాడు, చెప్పినదంతా రాసుకుంటాడు. "అతనికి మీరేమవుతారమ్మా?" అని అడుగుతాడు. ఆమె చెప్పలేదు. అతనే "పరిచయస్తురాలు" అని రాసి, "సరేనా?" అంటాడు. ఎస్సై అరుపుకంటే రైటర్ మర్యాద ఎక్కువ కోస్తుంది.

తప్పిపోయిన కేసు కట్టాక, మూడో రోజు పొద్దున శవం దొరుకుతుంది. తర్వాత ఏ కాగితం దేని వెనక వస్తుందో సీన్ల వరుసలో తప్పకూడదు. ముందు అదే సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద, ఊరి సాక్షులైన మధ్యవర్తుల సమక్షంలో శవ పంచనామా, జిల్లా లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు రిపోర్టు, కావలి ఏరియా ఆస్పత్రిలో పోస్టుమార్టం. తలమీద గాయం బతికుండగా తగిలిందని డాక్టర్ చెప్పాకే సెక్షన్ మారుతుంది. భారతీయ న్యాయ సంహితలో (నేరాలు, శిక్షల చట్టం) హత్యకు 103(1), సాక్ష్యం మాయం చేసినందుకు 238. అప్పుడు దర్యాప్తు సీఐ చేతికి వెళ్తుంది. అంతవరకు కథ నడిపిన ఎస్సై ఒక్కసారిగా పక్కకు జరుగుతాడు. హీరో తగ్గిపోతున్నాడని దీన్ని చాలామంది మార్చేస్తారు. ఇక్కడ మార్చలేదు. ఆమె కళ్ళలోకి చూసి మాట్లాడిన అధికారి చేతిలోంచి కేసు పోవడం ఈ కథకు కావలసిందే.

ల్యాబ్ రిపోర్టు మర్నాడే వచ్చేస్తే సినిమా అబద్ధమైపోతుంది. ఎముక మజ్జలో నీటి సూక్ష్మ నాచైన డయాటమ్‌లు ఉన్నాయా అన్న పరీక్ష నీళ్ళలో పడేటప్పుడు మనిషి బతికున్నాడో లేదో తేల్చడానికి కొంత సాయపడుతుంది, అంతే. దాని మీదే కేసు నిలవదు, అది రావడానికీ వారాలు పడుతుంది. టవర్ లొకేషన్ కూడా అలాంటిదే. ఊళ్ళో కొన్ని వందల మీటర్ల తేడాతో చెప్పగలిగినా, ఉప్పు కొఠార్ల మధ్య ఒక్క టవర్ కిలోమీటర్ల మేర పనిచేస్తుంది. అది మనిషి ఆ వైపు ఉన్నాడని చెబుతుంది, ఏ గట్టు మీద నిలబడ్డాడో చెప్పలేదు.

మేనల్లుడు నేరం ఒప్పుకుంటాడు. పోలీసులకిచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. పైపు ఎక్కడ పడేశాడో చెప్పి, అది నిజంగా అక్కడ దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన మాట వరకే సాక్ష్యం (భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్). స్వాధీనం చేసుకోవడాన్ని వీడియో తీయాలి, మధ్యవర్తులు సంతకం పెట్టాలి. ఇక్కడ కానిస్టేబుల్ చేతిలోని ఫోనే కెమెరా. ఆ ఫోన్ ఫ్రేమును సినిమాలో అలాగే వాడారు. పైపు బురదలోంచి బయటికి వచ్చే షాట్‌కు వేరే లైటింగ్ పెట్టలేదు.

చార్జిషీటు 103 కిందా, లేక హత్య కిందికి రాని నేరపూరిత ప్రాణహానిగా 105 కిందా అన్నది నడుస్తుండగా కథ ఆమె దగ్గరికి తిరిగి వస్తుంది. మేనల్లుడు డీజిల్ గురించి అతన్ని ముందురోజే బెదిరించాడని తెలిసింది ఆమెకు ఒక్కదానికే. మేజిస్ట్రేట్ ముందు నాగరిక్ సురక్షా సంహిత 183వ సెక్షన్ కింద వాంగ్మూలం ఇస్తే కేసు నిలుస్తుంది. ఇస్తే, ఆ మాట ఆమెకు ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు చెప్పాడన్న ప్రశ్న వస్తుంది. పరిచయస్తురాలికి తెల్లవారుజామున వంతెన దగ్గర ఏం పని? ఆమె ఇస్తుంది. రైలు పట్టాల ముగింపు ఈ సీన్‌తో పోయింది. అది పోవడం అన్ని విధాలా అవసరం. ప్రేమ గెలవాలంటే చావాలన్న కథలు మన దగ్గర చాలినన్ని ఉన్నాయి. ఆత్మహత్యను తెరమీద ఊరటలా, మోక్షంలా చూపితే చూసే పిల్లలకు నష్టం. ఆమె బతకడం కథకు బరువు పెంచింది.

పోస్టుమార్టం అయ్యాక శవాన్ని మెట్ట నుంచి వచ్చిన తల్లికి సంతకం తీసుకుని అప్పగిస్తారు. అతన్ని ప్రేమించిన ఆమె మాత్రం గేటు బయట ఆటోల దగ్గర నిలబడి ఉంటుంది. ఈ సీన్‌లో సంగీతం పెట్టాలని ఎడిటింగ్‌లో ఒత్తిడి వచ్చింది. పెట్టలేదు.

కాలవ

బకింగ్‌హామ్ కాలవ నదిలా ఒకే వైపు పారదు. తీరం వెంట తవ్విన కాలవ, మొగల దగ్గర సముద్రంతో కలిసి ఉంటుంది, పోటుకూ ఆటుకూ నీళ్ళు అటూ ఇటూ జరుగుతాయి. మొదటి ప్రతిలో శవం దిగువకు కొట్టుకుపోయి సముద్రపు ఒడ్డున దొరుకుతుంది. తిరగరాతలో వేసిన చోటికి కొంచెం పైనే, ఉత్తరాన దొరుకుతుంది. దాంతో పోలీసులు మొదట తప్పు గట్టు మీద వెతుకుతారు, కథకు ఒక పూట ఆలస్యం సహజంగా దొరుకుతుంది. ఎండాకాలంలో శవం ఒక రోజులోనే తేలవచ్చు, చలికాలంలో రెండు మూడు రోజులు పడుతుంది. కథ నవంబర్‌లో కనుక మూడో రోజు పొద్దున అన్నది సరిపోయింది. తెరమీద శవం ముఖం లేదు. చుట్టూ నిలబడ్డవాళ్ళ కాళ్ళు, పంచనామా రాసే ప్యాడ్ కనిపిస్తే చాలు.

శవాన్ని మొదట చూసేది కాలవలో చేపలు పట్టుకునే ఒక యానాది ముసలాయన. పాత ప్రతిలో పోలీసులు అనుమానంతో ఆయన్ను కొట్టే సీన్ ఉంది, 'వాస్తవికత' పేరుతో. నెల్లూరు జిల్లాలో యానాదులు వేల కుటుంబాలు. తెల్లదొరల కాలంలో నేరస్థ జాతులన్న ముద్ర వేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది, కానీ చూపు మారలేదు. సినిమా కూడా అదే చూపుతో చూస్తే ఆ ముద్రను మళ్ళీ వేసినట్టే. ఇప్పుడు ఆయన పంచనామాలో సాక్షి. పోటు ఎటు తిరిగిందో, శవం ఎటునుంచి వచ్చి ఉండాలో సీఐకి చెప్పేది ఆయనే. కేసు సరైన గట్టు మీదికి వచ్చేది ఆ మాటతోనే.

వెలుతురు

మన తీరానికి సూర్యుడు సముద్రంలో పుడతాడు కానీ సముద్రంలో కుంగడు. సాయంత్రం సముద్రం వైపు చూస్తే కనిపించేది నల్లబడే నీళ్ళు, వెలుగంతా వెలిగొండల వైపు. పాత ప్రతిలో ఉన్న 'సముద్రంలో అస్తమయం' ఈ జిల్లాలో దొరకదు. దొరికేది ఈ కథకు ఇంకా మేలు: వాళ్ళ 20 నిమిషాలు సరిగ్గా పొద్దుపొడుపు ముందరి సంధ్యలోనే పడతాయి. నవంబర్ నడుమ ఇక్కడ సూర్యోదయం 6.10 ప్రాంతంలో. దానికి 22 నిమిషాల ముందు, సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీల కింద ఉండగా, నేల మీద వెలుతురు సుమారు 3 లక్సులు (వెలుతురు కొలమానం). పొద్దు పొడిచేసరికి 400. అంటే 22 నిమిషాల్లో దాదాపు 7 స్టాపులు (ఒక్కో స్టాపు అంటే వెలుతురు రెట్టింపు), మూడు నిమిషాలకొకటి చొప్పున పెరుగుతుంది.

దీన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఎడిటింగ్‌లో ఒక ముఖం చీకట్లో, ఎదుటి ముఖం పగట్లో వస్తుంది. ఇక్కడ పాటించిన పద్ధతి ఇది. నటీనటుల కదలికలు ముందురోజు రాత్రి టార్చి వెలుగులో ఖరారు. రెండు కెమెరాలు, రెండు ముఖాలు ఒకే నిమిషంలో. వైడ్ షాట్ 5.50కి, దగ్గరి షాట్లు 5.56 నుంచి 6.02 లోపల. ఆ నిమిషాలు దాటితే కోపగించుకోకుండా ఆపేయడం, మిగిలింది మరో తెల్లవారుజామున అదే నిమిషాలకు తీయడం. సోనీ ఎఫ్‌ఎక్స్3లో ఎస్-లాగ్3 (వెలుగునీడల వివరం ఎక్కువగా నిలిపే రికార్డింగ్ పద్ధతి)కు రెండు బేస్ ఐఎస్‌ఓలు (వెలుతురును అందుకునే స్థాయిలు) ఉన్నాయి, 800, 12,800. ఎఫ్/1.4 లెన్స్, 1/50 షట్టర్‌తో 12,800 దగ్గర ఆ 3 లక్సులు కూడా సరిపోతాయి. 6 గంటల తర్వాత 800కి దిగి, వెలుతురు తగ్గించే ఫిల్టరైన ఎన్‌డీ పెట్టాలి. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 4,300 కెల్విన్ దగ్గర బిగించేసి ముట్టుకోలేదు. ఆటోలో వదిలితే ఆకాశం రంగు మారినప్పుడల్లా చర్మం రంగు మారుతుంది.

గట్ల మీది చవక ఎల్‌ఈడీ బల్బులు ఇంకో తలనొప్పి. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. 24 ఫ్రేములకు అలవాటైన 180 డిగ్రీల షట్టర్ అంటే 1/48, దాంతో తెరమీద నెమ్మదిగా చారలు పాకుతాయి. 172.8 డిగ్రీలు పెడితే 1/50 వస్తుంది, చారలు పోతాయి. అయితే జనరేటర్ మీద నడిచే బల్బులకు ఇది పూర్తిగా పనిచేయదు, లోడు మారినప్పుడల్లా ఫ్రీక్వెన్సీ జారుతుంది. అక్కడ బ్యాటరీ లైట్లే దిక్కు. ఉప్పునీటి గుంట పక్కన 230 వోల్టుల తీగలు లాగకపోవడం ప్రాణాలకు కూడా మంచిది. తప్పనిసరైతే, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా ప్లగ్గు పెట్టకూడదు. ఊళ్ళల్లో వీధిదీపాలు చాలాచోట్ల తెల్ల ఎల్‌ఈడీలైపోయాయి. పాత సోడియం పసుపు కావలసిన వంతెన సీన్‌కు లైటు ముందు లీ 652 జెల్ (రంగు ప్లాస్టిక్ పొర) వేశారు.

ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా కాలవ గట్టుకు తెస్తే లెన్స్ అద్దం మీద తేమ పడుతుంది. బ్యాగు మూసే ఉంచి అరగంటకు పైగా బయట వదలాలి. ఉప్పుగాలికి ఫిల్టర్ మీద పొర పేరుకుంటుంది, పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన గుడ్డ వాడాలి.

గుంట ఒక బతుకుదెరువు

షూటింగ్ కోసం రాత్రిపూట నిజమైన గుంటలో ఏరియేటర్లు ఆపమని ఏ రైతునూ అడగకూడదు. పైన చెప్పిన లెక్క నిజం రైతుకూ వర్తిస్తుంది. కరెంటు పోయే సీన్‌ను పట్టుబడి అయిపోయిన గుంటలో, మళ్ళీ నీళ్ళు పెట్టించి, అద్దె ఏరియేటర్లతో తీశారు. చచ్చిన రొయ్య మార్కెట్‌లో కొన్నది. ఐసు నుంచి తీశాక తలలు తొందరగా నల్లబడతాయి, కనుక షాట్ సిద్ధమయ్యేదాకా ఐసులోనే ఉంచాలి. ఉడికిన రొయ్య ఎర్రగా ఉంటుంది, పొరపాటున వాడితే తీరంలో ప్రతి ప్రేక్షకుడూ పట్టేస్తాడు. ఒక గుంట నుంచి ఇంకో గుంటకు వెళ్ళేటప్పుడు చెప్పులు, ట్రైపాడ్ కాళ్ళు బ్లీచింగ్ నీళ్ళలో ముంచాలి. తెల్లమచ్చ వైరస్ తడి వస్తువుల మీద కూడా ప్రయాణిస్తుంది.

చప్పుడు

ఏరియేటర్ల హోరు డైలాగును మింగేస్తుంది. గట్టుకు అవతలి దిగువన నటులను నిలబెడితే మట్టి కట్టే కొంత అడ్డుపడుతుంది. ఛాతీ మీద లావలియర్ (దుస్తులకు తగిలించే చిన్న మైకు), తలకు అడుగు దూరంలో బూమ్ (కర్రకు కట్టిన మైకు) రెండూ పెట్టాలి. షెడ్డు, గట్టు, వంతెన, ఒక్కోచోట రెండు నిమిషాల చొప్పున ఉత్త హోరు విడిగా రికార్డు చేయాలి. అది లేకుండా డబ్బింగ్‌కు వెళ్తే మాటలు గాల్లో తేలుతాయి.

ఈ సినిమాలో హోరు తగ్గించడం కంటే దాన్ని కాపాడుకోవడం ముఖ్యమైంది. గుంట దగ్గరి సీన్లన్నిటా, మాటల కిందా, మౌనం కిందా, అది ఉంటుంది. ప్రేక్షకుడు దాన్ని వినడం మానేస్తాడు. 3.40కి కరెంటు పోయినప్పుడు ఆగుతుంది. అప్పుడు వినిపించేది నీటి అంచుల్లో రొయ్య ఎగిరిపడే చిటపట, ఎక్కడో బిట్రగుంట వైపు వెళ్ళే గూడ్సు. ఇక్కడ నేపథ్య సంగీతం రాసి కూడా పక్కన పెట్టారు. మొదటి మిక్స్‌లో ఫోన్ స్పీకర్ల మీద మాటలు వినపడలేదు. హోరు మొత్తం తగ్గిస్తే ఆ ఆగడంలోని బలం పోతుంది. అందుకని మాటలున్నచోట మాత్రమే 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య మూడు నాలుగు డెసిబెల్స్ కోసి, కింది గుమ్మును అలాగే ఉంచారు.

డబ్బింగ్‌లో ఆమెకు కావలి వైపు యాస ("ఈడ ఉండా", "బిన్నా రా"), అతనికి మెట్ట యాస ఉంచారు. ఆరు నెలలుగా తీరంలో ఉన్నవాడు కనుక అతని మాటల్లో ఆమె మాటలు కొన్ని దొర్లుతాయి, ఆమె మాటల్లో అతనివి దొర్లవు. వాంగ్మూలం సీన్‌లో మాత్రం మేజిస్ట్రేట్ ముందు ఆమె ఒక మెట్ట మాట వాడుతుంది. రికార్డింగ్‌లో నటి దాన్ని 'సరిదిద్దుకుంది'. ఆ టేక్ తీసేసి మొదటిదే ఉంచారు.